మిద్దె మీద మీటరు

కడప ఏడు రోడ్ల దగ్గర ఒక మోటారు వైండింగ్ దుకాణంలో నేను పని నేర్చుకున్న మూడేళ్లలో, మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌ను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అందరికీ అది కండెన్సరే. దాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఒక్కటే ఉండేది: రెండు వైర్లను ఒక క్షణం ప్లగ్గులో పెట్టి తీసి, కొసలను ఒకదానికొకటి తాకిస్తే నిప్పురవ్వ గట్టిగా వచ్చినది మంచిది, రానిది పోయినది. ప్రాణం మీదికి వచ్చే పని అది. పైగా ఆ రవ్వ కెపాసిటర్‌లో చార్జి నిలుస్తుందని మాత్రమే చెబుతుంది, ఎంత నిలుస్తుందో చెప్పదు. 40 మైక్రోఫారడ్‌లది (చార్జి ఎంత పడుతుందో చెప్పే కొలత అది) 30కి పడిపోయినా రవ్వ వస్తూనే ఉంటుంది, కంప్రెసర్ మాత్రం గుయ్యిమని మూలిగి ఆగిపోతుంది. ఈ సంగతి నాకు కువైట్ వచ్చాకే తెలిసింది.

ఇక్కడ నా పని భవనాల మిద్దెల మీద ఉండే ఏసీ అవుట్‌డోర్ యూనిట్లతో. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నిబంధన, కాబట్టి మా పని తెల్లవారుజామున, సాయంత్రాన సాగుతుంది. సాయంత్రం కూడా రేకు మీద చేయి పెట్టలేము. మొదటి వేసవిలో నన్ను వెంట తిప్పుకున్న కేరళ మనిషిని నేను చేట్టా, అంటే అన్నా, అనేవాణ్ని. ఆయన నా చేతికి మీటరు కంటే ముందు ఒక రెసిస్టర్ ఇచ్చాడు. అది 20 కిలో ఓములది, 5 వాట్లది, రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఉండేది. కరెంటు ఆపగానే కెపాసిటర్ సాధారణంగా మోటారు చుట్ట గుండా ఖాళీ అవుతుంది, అయితే ఆ చుట్ట గానీ తీగ గానీ తెగి ఉంటే మూడు నాలుగు వందల వోల్టులు లోపలే నిలిచిపోవచ్చు. నిలిచేది డీసీ కనుక మీటరును ఏసీ వోల్టేజీ మీద పెట్టి చూసినవాడికి సున్నా కనిపిస్తుంది, ఆ ధైర్యంతో చేయి పెడితే దెబ్బ తగులుతుంది. అందుకే రెసిస్టర్‌ను కెపాసిటర్ కొసలకు నాలుగైదు సెకన్లు పట్టి ఉంచి, మీటరును డీసీ వోల్టేజీకి తిప్పి, సున్నాకు దగ్గరగా ఉందని చూసుకున్నాకే వైర్లు ఊడదీయాలి. స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలను కలిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అలవాటును నేను ఎంతమాత్రం ఒప్పుకోను, అది మనిషికీ మంచిది కాదు, కెపాసిటర్‌కూ మంచిది కాదు.

వైర్లు తీయకుండా కెపాసిటర్‌ను కొలిచినా ఫలితం ఉండదు, ఎందుకంటే మోటారు చుట్ట పక్కనే కలిసి ఉండడం వల్ల అంకె తప్పు వస్తుంది. కంప్రెసర్‌కూ ఫ్యానుకూ కలిపి ఒకే డబ్బా ఉన్నప్పుడు సీ (రెండింటికీ ఉమ్మడి), హెర్మ్ (కంప్రెసర్), ఫ్యాన్ అని మూడు కొసలు రాసి ఉంటాయి. సీ నుంచి మిగతా రెండింటినీ విడివిడిగా చూడాలి. 40 మైక్రోఫారడ్‌లు, 5 శాతం తేడా అని అచ్చు వేసి ఉంటే 38కీ 42కీ మధ్య చూపాలి, 33 చూపినది ఎంత కొత్తగా కనిపించినా తీసేయాలి. పైభాగం ఉబ్బినది చెడిందని చూడగానే చెప్పవచ్చు గానీ ఉబ్బనివన్నీ మంచివి కావు. మీటరులో కెపాసిటెన్స్ గుర్తు లేకపోతే ఓముల మీద పెట్టి చూసేవాళ్లం, అంకె కింది నుంచి పెరుగుతూ పోయి ఓ.ఎల్. (మీటరు కొలతకు అందనిది) వరకు వెళ్తే చార్జి ఎక్కుతున్నట్టు, సున్నా దగ్గరే నిలబడితే లోపల షార్టయినట్టు. బలం ఎంత తగ్గిందో ఆ పద్ధతిలోనూ తెలియదు.

ఒక ఆగస్టులో ఒకే యూనిట్‌కు రెండు కెపాసిటర్లు మార్చి, మూడోదాని కోసం మిద్దె ఎక్కాను. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంది, హారిస్, అంటే భవనం కాపలాదారు, నా వెనకే నిలబడి ఎంతసేపని అడుగుతున్నాడు. కొత్తది బిగించి దిగిపోవడం తేలిక, కానీ చేతికి అది రాలేదు. ఇక్కడి ఇళ్ల కరెంటు 240 వోల్టులు, మెయిన్ స్విచ్చు దగ్గర 241 ఉంది. అది కంప్రెసర్ ఆగి ఉన్నప్పటి సంగతి, లోడు లేని వోల్టేజీ అన్ని రోగాలనూ దాచేస్తుంది. కంప్రెసర్ నడిపించి, దానికి కరెంటు కలిపే స్విచ్చు లాంటి కాంటాక్టర్ దగ్గర చూస్తే లోనికి 236 వస్తోంది, బయటికి 219 పోతోంది. మూసుకొని ఉన్న ఆ కాంటాక్టుకు రెండు వైపులా ప్రోబులు పెడితే 17 వోల్టులు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. పది ఆంపియర్లు పోతున్న చోట 17 వోల్టులు నిలిచిపోతున్నాయంటే 170 వాట్ల వేడి పుడుతున్నట్టు లెక్క, ఆ వేడికి ఆనుకొనే కెపాసిటర్ బిగించి ఉంది. నేను మార్చిన రెండూ అక్కడే ఉడికిపోయాయి. కాంటాక్టర్ మార్చాను. ఆ ఇంటికి మళ్లీ వెళ్లవలసిన పని పడలేదు.

కిందటి వేసవిలో ఒక శుక్రవారం ఊరి నుంచి తమ్ముడు ఫోను చేశాడు. మాది కడప పక్క పల్లె, ఇంటి బోరుకు సింగిల్ ఫేజు మోటారు. "అన్నా, స్టార్టరులో కండెన్సర్ మళ్లీ పేలింది, ఇది మూడోది. నాయన మోటారే మార్చేద్దాం అంటాండాడు" అన్నాడు. సెలవుకు వెళ్లినప్పుడు నేను ఒక మీటరు ఇచ్చి వచ్చాను, క్యాట్ 3 (భద్రత తరగతి), 600 వోల్టులు అని ముద్ర ఉన్నది కావాలని వెతికి కొన్నాను. పక్కింటి వైండింగ్ ఆయన పాత కెపాసిటర్ ఒకటి తెచ్చి అప్పటికే బిగించి ఉన్నాడు. వీడియోలో ముందు ఎర్ర లీడు ఏ రంధ్రంలో ఉందో చూపించమన్నాను, అది ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజీ చూడబోతే నేరుగా షార్టే. తరువాత టీవీ ప్లగ్గులో చూడమన్నాను, ఆపైన స్టార్టరులో, మళ్లీ టీవీ ప్లగ్గులో. మధ్యలో మీటరే పాడైతే తెలియడానికి ఇంతకు మించిన దారి లేదు.

"226 ఉందన్నా, బాగానే ఉంది కదా" అన్నాడు.

"ప్రోబులు అట్నే పెట్టి, నాయనను బటన్ నొక్కమను."

168కి పడిపోయింది. ఆ వోల్టేజీకి మోటారు వేగం అందుకోలేదు, నీళ్లు రాలేదని నాయన పచ్చ బటన్‌ను ఇంకాసేపు నొక్కి పట్టుకుంటాడు, బటన్ నొక్కినంతసేపూ స్టార్టింగ్ కెపాసిటర్ లైనులోనే ఉంటుంది. అది రెండు మూడు సెకన్ల పనికోసం చేసినది, అంతకు మించి కాగితే పగులుతుంది. తప్పు మోటారుది కాదు, నాయనది అసలే కాదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరులో అల్యూమినియం, రాగి కలిపి మెలిపెట్టిన అతుకు ఒకటి నల్లబడి ఉందని తమ్ముడు చూపించాడు. దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి లైన్‌మేన్‌ను పిలిపించాను. ఆయన పైన సరఫరా ఆపించి, మెలిక కోసేసి, సరైన కనెక్టర్ బిగించాడు.

సాయంత్రం తమ్ముడు మళ్లీ ఫోటో పంపాడు. బటన్ నొక్కినప్పుడు 204, మోటారు నడుస్తుండగా 217. స్టార్టరులో ఇప్పటికీ ఆ పాత కెపాసిటరే ఉంది.