నాన్న లాంగ్ నోట్‌బుక్‌లో మన ప్లేఆఫ్‌లు

ఐపీఎల్ ప్లేఆఫ్ (లీగ్ దశ దాటిన జట్లు కప్పు కోసం ఆడే మ్యాచ్) రోజు సాయంత్రం ఆరు దాటిందంటే మా ఇంట్లో రెండు పెన్నులు, ఒక స్కేలు, ఒక లాంగ్ నోట్‌బుక్ టీపాయ్ మీదకి వచ్చేస్తాయి. టాస్ పడేలోపు నాన్న గడులు గీసి పెడతారు. ఎడమవైపు బ్యాటర్ల పేర్లకి చోటు, కింద బౌలర్లు, పక్కన వికెట్ ఎంత స్కోరు దగ్గర పడిందో రాయడానికి సన్నటి పట్టీ. రైల్వేలో ఉద్యోగం చేసినన్నాళ్లూ సికింద్రాబాద్‌లో వాళ్ల ఆఫీసు టీమ్ లీగ్ మ్యాచ్‌లకి ఆయనే స్కోరర్. రిటైరయ్యాక ఆ అలవాటు ఐపీఎల్‌కి మారింది. లీగ్ మ్యాచ్‌లు ఊరికే చూస్తాం. హైదరాబాద్ ప్లేఆఫ్‌కి వెళ్తే మాత్రం బంతి బంతికీ రాస్తాం.

స్కోరింగ్ నాకు నేర్పింది ఆయనే. పరుగు రాని బంతికి చుక్క. వైడ్‌కి కూడిక గుర్తు. బైకి, అంటే బ్యాటుకీ ఒంటికీ తగలకుండా వచ్చిన పరుగుకి త్రిభుజం, ఒంటికి తగిలి వచ్చిన లెగ్‌బైకి తలకిందుల త్రిభుజం. ఓవరంతా ఆరు చుక్కలే అయితే వాటిని గీతతో కలిపి ఇంగ్లిష్ ఎమ్ చేస్తాం, అంటే మెయిడెన్. అందులో వికెట్ కూడా పడితే ఆ గీత డబ్ల్యూ అవుతుంది. ఇవి తెలిస్తే పాత పేజీ తీసి మ్యాచ్ మొత్తం మళ్లీ చదువుకోవచ్చు.

నా బీరువాలో పై అర మొత్తం ఈ సామానుకే. నోట్‌బుక్కులు, జెర్సీలు, టికెట్లు, దినపత్రికలు, ఉప్పల్ స్టేడియంలో గేటు దగ్గర పంచిపెట్టిన నారింజ జెండాలు. వీటన్నిటిలో నాకు ప్రాణం నోట్‌బుక్కులే.

మొదటి పేజీ 2009, అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ నాటిది. ఆ ముందు ఏడాది మన జట్టుది పట్టికలో అట్టడుగు స్థానం. 2009లో లోక్‌సభ ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకి వెళ్లిపోయింది. సెంచూరియన్‌లో ఢిల్లీతో సెమీఫైనల్. ఢిల్లీ 153 కొట్టింది. ఛేజింగ్‌లో మొదటి ఓవర్ గడి చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. డిర్క్ నానెస్ బౌలింగ్‌లో గిల్‌క్రిస్ట్ కొట్టిన ఐదు ఫోర్లు ఆ చిన్న గడిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. 17 బంతుల్లో యాభై, మొత్తం 35 బంతుల్లో 85. రాత్రి పూట మా వీధిలో ఎవరెవరి ఇళ్లలో టీవీ నడుస్తోందో ఆ కేకల్ని బట్టి చెప్పేయొచ్చు.

రెండ్రోజులకి జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. అదే గిల్‌క్రిస్ట్ మూడో బంతికే కుంబ్లే చేతిలో సున్నాకి ఔటయ్యాడు. ఆ పేజీలో మా వాళ్ల స్కోరు చూస్తే ఎక్కడా మెరుపుల్లేవు. గిబ్స్ చివరిదాకా నిలబడి 53 చేశాడు, మొత్తం 143. కుంబ్లే 16 పరుగులకి నాలుగు వికెట్లు తీసి, ఓడిన జట్టులో ఉండి కూడా మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఆఖరి ఓవర్ ఆర్.పి. సింగ్ వేశాడు. ఆరు పరుగుల తేడాతో కప్పు మనది. మర్నాడు పొద్దున పేపర్ మొదటి పేజీని నాన్న మడత పడకుండా చుట్టచుట్టి పీవీసీ పైపు ముక్కలో పెట్టారు. ఇవాళ్టికీ అది పసుపెక్కలేదు.

2010 సెమీఫైనల్ పేజీ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చెన్నై మీద 143 కొట్టాల్సింది, 104కే ఆలౌట్. బోలింజర్ నాలుగు వికెట్లు. తెలంగాణ ఉద్యమం వల్ల ఆ ఏడాది మన మ్యాచ్‌లు హైదరాబాద్ నుంచి వేరే ఊళ్లకి తరలిపోయాయి. 2012లో ఆ జట్టే లేకుండా పోయింది. ఎద్దు బొమ్మ ఉన్న నీలం జెర్సీ ఇంకా నా దగ్గరుంది. దాన్ని ఇస్త్రీ చేసి, నాఫ్తలీన్ ఉండ వేసి దాస్తాను. లేని జట్టు జెర్సీ ఎందుకని మా అత్తగారు ఒకసారి అడిగారు. ఆ జట్టు మాకు కప్పు తెచ్చిందత్తయ్యా అన్నాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అసలు పండగ 2016. డెక్కన్ ఛార్జర్స్ పోయాక హైదరాబాద్‌కి వచ్చిన కొత్త జట్టు సన్‌రైజర్స్ మూడో స్థానంలో నిలిచింది. అంటే ఎలిమినేటర్ నుంచి మొదలుపెట్టి, ఒక్కటి ఓడినా ఇంటికే. మే 25, 27, 29. ఐదు రోజుల్లో మూడు మ్యాచ్‌లు. మొదటి రెండూ ఢిల్లీలో. కోల్‌కతా మీద యువరాజ్ 44, భువనేశ్వర్ మూడు వికెట్లు, 22 పరుగుల గెలుపు. గుజరాత్ మీద 163 ఛేజింగ్‌లో ఒక పక్క వికెట్లు పోతుంటే వార్నర్ 93 నాటౌట్. ఆ పేజీలో వార్నర్ వరస కుడివైపు అంచు దాకా వెళ్లి, చోటు చాలక కిందికి తిరిగింది. ఆ రోజు అతనికి తోడు నిలిచింది బిపుల్ శర్మ, 11 బంతుల్లో 27. అతని పేరు ఇప్పుడెవరూ తలుచుకోరు. నేను మాత్రం 2016 మాట వస్తే ముందు బిపుల్ పేరే చెబుతాను. ఆ 27 లేకపోతే ఫైనల్ ఎక్కడిది?

ఫైనల్ బెంగళూరు జట్టుతో, వాళ్ల సొంత గడ్డ మీద. స్టేడియమంతా ఎరుపు. వార్నర్ 69, యువరాజ్ 38, చివర్లో బెన్ కటింగ్ 15 బంతుల్లో 39 నాటౌట్. వాట్సన్ బంతిని కటింగ్ 117 మీటర్లు కొట్టాడు. నాన్న ఆ సిక్సర్ అంకె చుట్టూ రెండుసార్లు సున్న చుట్టి పక్కన చిన్న అక్షరాల్లో 117 అని రాశారు. వాట్సన్ నాలుగు ఓవర్లలో 61 పరుగులిచ్చాడు. మనది 208.

తర్వాత గేల్, కోహ్లీ దిగారు. వికెట్ పడకుండా వంద దాటేశారు. నాన్న పెన్ను కింద పెట్టి, "ఇది అచ్చిరాలేదమ్మా, ఇంకోటి ఇవ్వు" అన్నారు. అందుకే ఆ పేజీలో పదకొండో ఓవర్ నుంచి సిరా ఆకుపచ్చగా మారుతుంది. ఆ ఓవర్ మూడో బంతికి కటింగ్ బౌలింగ్‌లో బిపుల్ క్యాచ్ పట్టి గేల్‌ని పంపించాడు. 38 బంతుల్లో 76 చేసి పోయాడు గేల్. అప్పుడు స్కోరు 114. ఆ తర్వాత కోహ్లీ, డివిలియర్స్ వెంటవెంటనే పోయారు. ఆఖరి ఓవర్‌కి 18 కావాలి. భువనేశ్వర్ తొమ్మిదే ఇచ్చాడు. ఎనిమిది పరుగులతో గెలిచాం. ఎలిమినేటర్ నుంచి వచ్చి కప్పు కొట్టిన మొదటి జట్టు మాదే. ఆ ఆకుపచ్చ పెన్ను, రీఫిల్ అయిపోయింది, అయినా రబ్బర్‌బ్యాండ్ వేసి ఆ నోట్‌బుక్‌కే కట్టి ఉంచాను.

ఇప్పుడు 2018 ఫైనల్ పేజీ పక్కన పెట్టి చూడండి. ముంబైలో చెన్నైతో. మనం 178 చేశాం. భువనేశ్వర్ మొదటి ఓవర్ మెయిడెన్, నేనే గీత కలిపి ఎమ్ చేశాను. ఎదురుగా ఉన్నది వాట్సన్. పది బంతులు ఆడి ఒక్క పరుగూ చేయలేదు. అతని వరసలో మొదట పది చుక్కలు చీమల బారులా ఉంటాయి. తర్వాత సందీప్ శర్మ ఒక్క ఓవర్‌లోనే 27. చివరికి వాట్సన్ 57 బంతుల్లో 117 నాటౌట్. కప్పు వాళ్లది. మ్యాచ్ అయిపోయాక లెక్క సరిచూస్తుంటే నాన్న 2016 నోట్‌బుక్ తెరిచి తను సున్న చుట్టిన అంకె మీద వేలు పెట్టారు. కటింగ్ అతని బంతిని కొట్టిన దూరం 117 మీటర్లు. అతను మన మీద కొట్టిన పరుగులు 117. ఇలాంటివి వెతికితే దొరకవు, రెండు నోట్‌బుక్కులు ఒకే చోట ఉంటే ఎదురుపడతాయి.

అదే ఏడాది ఫైనల్‌కి ముందు ఆడిన క్వాలిఫయర్ పేజీ కూడా నాకు ఇష్టం. ఈడెన్ గార్డెన్స్‌లో రషీద్ ఖాన్ 10 బంతుల్లో 34, ఆపైన 19 పరుగులకి మూడు వికెట్లు. ఒక మనిషి బ్యాటింగ్ గడిలోనూ బౌలింగ్ గడిలోనూ అంత అందంగా ఉన్న పేజీ మా దగ్గర మరొకటి లేదు.

హైదరాబాద్ వాళ్లకి ఒక వెలితి ఉంది. 2017, 2019 రెండు ఫైనళ్లూ ఉప్పల్‌లోనే జరిగాయి. రెండూ ముంబై ఒక్క పరుగు తేడాతో గెలిచింది. రెండిట్లోనూ మన జట్టు లేదు. 2017లో మన వాళ్లు వస్తారన్న ఆశతో టికెట్లు ముందే సంపాదించాం. ఎలిమినేటర్‌లో 128 చేశాక వాన. అర్ధరాత్రి దాటాక కోల్‌కతాకి ఆరు ఓవర్లలో 48 కొట్టమన్నారు, కొట్టేశారు. ఆ తెల్లవారుజామున నాన్నా నేనూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆదివారం నాటికి మాత్రం ఇద్దరం నారింజ జెర్సీలు వేసుకునే ఉప్పల్ వెళ్లాం. 129 కాపాడుకుంటూ ముంబై తరఫున జాన్సన్ వేసిన ఆఖరి ఓవర్‌కి స్టేడియంలో ఎవరూ కూర్చుని లేరు. ఆ టికెట్ దాచాను, కానీ మా వాళ్ల అరలో పెట్టలేదు. దానికి వేరే కవరు.

మన జట్టు తెలుగు నేల మీద ప్లేఆఫ్ ఆడటం మాత్రం చూశాను. 2019 మే 8, విశాఖపట్నం, ఢిల్లీతో ఎలిమినేటర్. ముందురోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి స్టేడియానికి వెళ్లిన బస్సు టికెట్ మీద అక్షరాలన్నీ చెరిగిపోయి ఇప్పుడు తెల్ల కాగితమే మిగిలింది. అది ఏ టికెట్టో నాకు తెలుసు కాబట్టి అలాగే ఉంచాను. స్టేడియం టికెట్ మాత్రం చక్కగా ఉంది.

ఆ రాత్రి స్టాండ్‌లో ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని రాశాను. మనది 162. పృథ్వీ షా 56 కొట్టి పోయాడు. పదిహేనో ఓవర్‌లో రషీద్ రెండు వికెట్లు తీసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. చుక్కలు కలిపి డబ్ల్యూ గీస్తుంటే వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన వంగి చూసి, "ఏటమ్మా, ఇప్పటికీ చేత్తో రాస్తన్నావా?" అని ముచ్చటపడ్డారు. తర్వాత అరగంట సేపు, ఎంత కావాలి ఎంత కావాలని ఆ వరసంతా స్కోర్‌బోర్డ్ వదిలేసి నన్నే అడిగింది. పంత్ ఒకే ఓవర్‌లో మ్యాచ్ లాక్కున్నాడు, ఆ ఓవర్‌లో 22 వచ్చాయి. 49 దగ్గర భువనేశ్వర్ అతన్ని పంపించినప్పుడు ఇంకా ఆశ ఉంది. ఆఖరి ఓవర్‌లో అమిత్ మిశ్రా పరిగెత్తుతూ త్రోకి అడ్డొచ్చి ఔటయ్యాడు. ఈ రకం ఔట్ బౌలర్ ఖాతాలో రాయకూడదు. అంత గోలలోనూ నాన్న నా చెవి దగ్గర అరిచి మరీ గుర్తుచేశారు. తర్వాతి బంతికి కీమో పాల్ ఫోర్. ఒక్క బంతి మిగిలి ఉండగా ఓడిపోయాం. పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు.

2020లో జనం లేని అబుదాబిలో బెంగళూరుతో ఎలిమినేటర్. నటరాజన్ యార్కర్‌కి డివిలియర్స్ వికెట్ ఎగిరిపోయింది, విలియమ్సన్ ఆగి ఆగి ఆడి యాభైతో గెలిపించాడు. రెండ్రోజులకే ఢిల్లీ చేతిలో ఓటమి.

2024 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చెన్నై చెపాక్ స్టేడియంలో రాజస్థాన్ మీద షాబాజ్, అభిషేక్ స్పిన్‌తో తిప్పేశారు. అదే గ్రౌండ్‌లో కోల్‌కతాతో ఫైనల్. స్టార్క్ మొదటి ఓవర్‌లోనే అభిషేక్ ఆఫ్ స్టంప్ లేపేశాడు. 113 ఆలౌట్, ఐపీఎల్ ఫైనల్స్‌లో అన్నిటికన్నా తక్కువ. ఎక్కువ కొట్టింది కమిన్స్, 24. మా తమ్ముడు టీవీ కట్టేద్దామన్నాడు. నాన్నకి కళ్లు సరిగా ఆనడం లేదు, ఇప్పుడు ఆయన చెబితే నేను రాస్తున్నాను. ఆయన రిమోట్ తన దగ్గరే పెట్టుకున్నారు. స్కోరర్ మధ్యలో లేవకూడదన్నది ఆయన నియమం. బ్యాటర్ల పరుగులూ ఎక్స్‌ట్రాలూ కలిపితే వచ్చేదీ, బౌలర్ల లెక్కతో వచ్చేదీ సరిపోయాకే పుస్తకం మూయాలి. కోల్‌కతా పదిన్నర ఓవర్లలో ముగించేసింది. వాళ్లు కప్పు ఎత్తుతుంటే మేం లెక్క చూసుకున్నాం. సరిపోయింది.

నోట్‌బుక్కుల్లో ఒక్క పేజీ సగమే ఉంది. 2013 మే 22, సన్‌రైజర్స్ మొట్టమొదటి ఎలిమినేటర్, ఢిల్లీలో రాజస్థాన్‌తో. మన 132 పూర్తిగా రాశాం. వాళ్ల ఛేజింగ్ మధ్యలో మా కాలనీలో కరెంటు పోయింది. వచ్చేసరికి బ్రాడ్ హాడ్జ్ సిక్సర్లతో పని ముగించేశాడు. ఇంటర్నెట్‌లో స్కోర్‌కార్డ్ ఉంది, బంతి బంతి వివరం కూడా దొరుకుతుంది. అందులోంచి ఎక్కించడానికి నాన్న ఒప్పుకోవడం లేదు. ఆ రాత్రి ఎవరైనా చూస్తూ చేత్తో రాసుకుని ఉంటే, చిత్తుకాగితం మీదైనా సరే, ఒక ఫోటో పంపండి. చూసి నా చేతి రాతతోనే మిగతా సగం నింపుతాను. పక్కన మీ పేరు రాస్తాను.