సిక్స్త్ ఫారం: పబ్లిక్ పరీక్ష లేని ఆ మొదటి ఏడాది

ఇంగ్లండ్‌లో సిక్స్త్ ఫారం అంటే ఏమిటని అడిగితే మనవాళ్లు చటుక్కున "మన ఇంటరే" అనేస్తారు. కొంతవరకూ నిజమే. పదహారేళ్లకు చేరి, ఇయర్ 12, ఇయర్ 13 అని రెండేళ్లు చదివి, ఎ లెవెల్స్ అనే పరీక్షలు రాసి యూనివర్సిటీకి వెళ్తారు. కాకపోతే ఇంటర్ ఫస్టియర్‌కి పబ్లిక్ పరీక్ష ఉంది, ఆ మార్కులు మెమోలో పడతాయి. ఇక్కడ 2015 నుంచి వచ్చిన మార్పులతో ఎ లెవెల్ రాత పరీక్షలన్నీ రెండో ఏడాది చివర, మే, జూన్ నెలల్లోనే. దాంతో మొదటి ఏడాది తేలిక అనిపిస్తుంది. మన పిల్లలు దెబ్బతినేది అక్కడే.

యూనివర్సిటీలు ముందుగా చూసేది అసలు గ్రేడ్లు కాదు, టీచర్లు అంచనా వేసి పంపే ప్రిడిక్టెడ్ గ్రేడ్లు. చాలా స్కూళ్లలో ఇయర్ 12 చివర, జూన్ ప్రాంతంలో పెట్టే లోపలి పరీక్షే వాటికి ప్రధాన ఆధారం. అంటే సెప్టెంబర్‌లో చేరిన పిల్లకి చేతిలో ఉన్నది తొమ్మిది నెలలు. మెడిసిన్, డెంటిస్ట్రీ, వెటర్నరీ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులన్నీ తీసుకునే సంస్థ) దరఖాస్తు గడువు అక్టోబర్ 15, మిగతావాటిలో చాలావాటికి జనవరి. ఐదు కోర్సులు ఎంచుకోవచ్చు, మెడిసిన్ అయితే అందులో నాలుగే. మెడిసిన్‌కి యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష కూడా ఇయర్ 12 అయిన వేసవిలోనే రాయాలి. జూన్‌లో గ్రేడ్ తగ్గితే సెప్టెంబర్‌లో "ఇకనుంచి బాగా చదువుతాడు సార్" అని మనం బతిమాలినా పెద్దగా కదిలేదేమీ ఉండదు.

చేరడం దగ్గర నుంచే చూద్దాం. మధ్యలో వచ్చిన చిన్న పిల్లలకు సీటు కోసం చాలాచోట్ల కౌన్సిల్‌ని అడుగుతాం. సిక్స్త్ ఫారంకి మాత్రం నేరుగా స్కూలుకే రాయాలి. ఏ తరగతి అన్నది వయసును బట్టి: ఆగస్టు 31 నాటికి పదహారు నిండితే ఇయర్ 12. ఇక్కడి పిల్లలను అడిగేది సాధారణంగా జీసీఎస్ఈలో (పదహారేళ్లకు రాసే, మన పదో తరగతి లాంటి పరీక్ష) ఐదు సబ్జెక్టుల్లో 5 లేదా అంతకన్నా ఎక్కువ గ్రేడ్, ఎ లెవెల్ లెక్కలకైతే 6, చాలాచోట్ల 7. మన పదో తరగతి మెమోకి ఇక్కడ ఎంత విలువ ఇవ్వాలో స్కూలే తేల్చుకుంటుంది. మెమో ఒక్కటే కాదు, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు, లెక్కల సిలబస్ కూడా వెంట తెచ్చుకుంటే మాట తొందరగా తెగుతుంది. కొన్ని స్కూళ్లు చిన్న పరీక్ష పెడతాయి. ఇంగ్లీషు సంగతి మొదటి వారంలోనే అడిగేయండి. మన మెమోలోని ఇంగ్లీషు మార్కుల్ని ఒప్పుకోకపోతే జీసీఎస్ఈ ఇంగ్లీష్ లాంగ్వేజ్ రాయాలి. పదహారు నిండినవాళ్లకు నవంబర్‌లోనే ఆ అవకాశం ఉంది. దాన్ని ఇయర్ 13 దాకా లాగితే ఎ లెవెల్స్ నెత్తిమీద అదొకటి.

సబ్జెక్టులు మూడే. ఎంపీసీ, బైపీసీ అని కట్టలు కట్టి ఇవ్వరు, ఎవరికి కావలసినవి వాళ్లు ఏరుకోవాలి. మెడిసిన్‌కి కెమిస్ట్రీ దాదాపు తప్పనిసరి. కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లే పిల్లాడికి లెక్కలు ముఖ్యం, కెమిస్ట్రీ వదిలేసినా నష్టం లేదు. ఫర్దర్ మ్యాథ్స్ (లెక్కల్లోనే ఇంకా పైస్థాయి సబ్జెక్టు) కలిపి నాలుగు తీసుకునేవాళ్లు ఉన్నారు. "పక్కింటి అబ్బాయి నాలుగు చదువుతున్నాడు" అన్నది నాలుగు తీసుకోవడానికి కారణం కాదు. మూడు ఎ గ్రేడ్లు చేతిలో ఉంటే నాలుగు బి గ్రేడ్ల కన్నా చాలా మేలు.

ఒక ఎ లెవెల్‌కి రెండేళ్ల మీద 360 గంటల బోధన. లెక్కేస్తే సబ్జెక్టుకి వారానికి అయిదు గంటలు, మూడింటికీ కలిపి పదిహేను. మిగతాది స్టడీ పీరియడ్. మన కార్పొరేట్ కాలేజీల్లో స్టడీ అవర్ అంటే నెత్తిమీద ఒక లెక్చరర్ నిలబడి ఉంటాడు. ఇక్కడ ఎవరూ నిలబడరు. పిల్లలు దాన్ని ఫ్రీ పీరియడ్ అంటారు, ఆ పేరే సగం కొంప ముంచుతుంది.

సాయం కావలసినంత ఉంది, కానీ అడిగితేనే వస్తుంది. రోజువారీ సంగతులకు ఫారం ట్యూటర్, ఆపైన హెడ్ ఆఫ్ సిక్స్త్ ఫారం, చదవడం, రాయడంలో ఇబ్బంది ఉంటే సెన్‌కో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంగతి చూసే టీచర్), ఇంట్లో గొడవలైనా మనసు బాగోకపోయినా సేఫ్‌గార్డింగ్ లీడ్ (పిల్లల భద్రత చూసేవారు). అడగడానికీ ఒక తీరుంది. "బయాలజీ అర్థం కావట్లేదు మిస్" అంటే టీచర్ చేయగలిగేది తక్కువ. రాసిన పేపరు, ఆ పరీక్ష బోర్డు మార్క్ స్కీం (ఏ జవాబుకి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) పక్కపక్కన పెట్టి, "ఇక్కడ రెండు మార్కులు ఎందుకు పోయాయి?" అని అడగాలి. ఆస్మాసిస్ ప్రశ్నే చూడండి. పిల్లాడికి విషయం పూర్తిగా తెలుసు, "నీటి గాఢత ఎక్కువ ఉన్నచోటు నుంచి" అని రాస్తాడు. స్కీంలో ఉన్నది వాటర్ పొటెన్షియల్. మార్కు పోయింది. పదో తరగతి దాకా నడిచిన మాట ఇక్కడ చెల్లదు. పాత పేపర్లు, మార్క్ స్కీంలు ఏక్యూఏ, ఓసీఆర్, ఎడెక్సెల్ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. మీ స్కూలుది ఏ బోర్డో ముందు కనుక్కోండి, పక్క బోర్డు పేపర్లు చేసుకుంటూ కూర్చుంటే సగం శ్రమ వృథా.

పేరెంట్స్ ఈవెనింగ్‌లో ఒక్కో టీచర్‌తో దొరికేది అయిదు నిమిషాలు. "షి ఈజ్ లవ్లీ" అనగానే మనం మురిసిపోతాం. అది మర్యాద. "కుడ్ కాంట్రిబ్యూట్ మోర్" అంటే క్లాసులో నోరు విప్పడం లేదని, యూనివర్సిటీకి పంపే రెఫరెన్స్‌లో (సిఫార్సు లేఖలో) రాయడానికి టీచర్ దగ్గర ఏమీ లేదని. అడగవలసినవి రెండే ప్రశ్నలు: ఇప్పుడు ఏ గ్రేడ్‌లో ఉంది, ఏ గ్రేడ్ ప్రిడిక్ట్ చేయబోతున్నారు?

ఇక డబ్బు. డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలకు ప్రభుత్వ స్కూల్లో ఫీజు లేదు. వీసా మీద "నో పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అన్న మాట చూసి భయపడతారు గానీ స్కూలు చదువు ఆ జాబితాలోకి రాదు. ప్రయాణం, పుస్తకాల ఖర్చు బరువైతే 16–19 బర్సరీ (చదువు ఖర్చులకు ఇచ్చే సాయం) గురించి సెప్టెంబర్‌లోనే అడగండి, అర్హత ఉందో లేదో స్కూలే చూస్తుంది. లండన్‌లో ఉంటే 16+ జిప్ ఆయిస్టర్ కార్డుతో బస్సులు ఉచితం.

అసలు పిడుగు యూనివర్సిటీ ఫీజు. ఇక్కడివాళ్లకుండే హోం ఫీజు 2025–26లో ఏడాదికి 9,535 పౌండ్లు, విదేశీయులకుండే ఓవర్సీస్ ఫీజు దానికి రెండు మూడు రెట్లు, మెడిసిన్‌కి ఇంకా ఎక్కువ. స్కిల్డ్ వర్కర్ (ఉద్యోగ) వీసా కుటుంబాల పిల్లలకు మామూలుగా హోం ఫీజు, స్టూడెంట్ లోన్ రావాలంటే కోర్సు మొదలయ్యే ఏడాది సెప్టెంబర్ 1 నాటికి ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) చేతిలో ఉండాలి, అప్పటికి మూడేళ్లు ఇక్కడ నివాసం ఉండాలి. ఐఎల్ఆర్ అక్టోబర్‌లో వచ్చేలా ఉంటే అడ్మిషన్ ఒక ఏడాది వాయిదా వేసుకోవడం తెలివైన పని. ఐఎల్ఆర్ నిబంధనలే మారుతున్న కాలం కాబట్టి ఈ లెక్క ఇయర్ 12లోనే వేసుకోవాలి.

ఎ లెవెల్ ఫలితాలు ఆగస్టు మధ్యలో ఒక గురువారం వస్తాయి. వేసవి సెలవులకు విజయవాడ వెళ్లినా ఆ రోజుకి తిరిగొచ్చేలా టికెట్ కొనండి. గ్రేడ్ తప్పి క్లియరింగ్‌లో (మిగిలిన సీట్లు నింపే పద్ధతి) సీటు వెతకాల్సి వస్తే పిల్లలే స్వయంగా ఫోన్ చేయాలి. యూకాస్ ఫారంలో నామినేటెడ్ యాక్సెస్ దగ్గర మీ పేరు రాయించకపోతే, కన్నతండ్రి ఫోన్ చేసినా యూకాస్ వివరం చెప్పదు.