నా ఇనప్పెట్టె నాకే తెరుచుకోని ఉదయం

తనిఖీ అధికారి కాగితం మీద సంతకం చేసి వెళ్లి ఇంకా మూడు గంటలు కాలేదు. ఆయన రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ నా ముందు ఎత్తడం లేదు గానీ, నేను వంటింటి వైపు వెళ్లినప్పుడల్లా అక్కడి మాటలు ఆగిపోతున్నాయి. కాబట్టి నేనే రాసేయడం మేలనిపించింది. ఇంట్లో తుపాకీ భద్రపరచడానికి ఒక ఇనప్పెట్టె కొనడమంటే రెండు పూటల పని అనుకున్నవాణ్ని ఏడు వారాలు తిరిగాను.

మా నాన్నగారు పోయాక ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీ, ఒక రైఫిలు నా పేరు మీదికి మారాయి. ఆయన ఉన్నన్నాళ్లూ అవి బట్టల బీరువాలో దుప్పట్ల వెనక ఉండేవి, తాళంచెవి బీరువా నెత్తిన ఉండేది, పిల్లలకు ఆ సంగతి తెలియదని ఆయన గట్టి నమ్మకం. నాకు ఎనిమిదో ఏటికే తెలుసు. ఇప్పుడు నా పిల్లలిద్దరూ అదే ఈడులో ఉన్నారు. ఇక తుపాకీ లైసెన్సు కార్యాలయం వారి ఉత్తరంలో ఆయుధాలను "సురక్షితమైన రీతిలో భద్రపరచవలెను" అన్న ఒక్క వాక్యమే ఉంది. సురక్షితమంటే ఎంత మందం ఉక్కు, ఎలాంటి తాళం అని మూడుసార్లు వెళ్లి అడిగితే, మూడుసార్లూ "అది మీ బాధ్యత" అన్న జవాబే వచ్చింది. పరీక్ష పెట్టేవారికి పాఠం చెప్పే బాధ్యత కూడా కొంత ఉండాలని నా అభిప్రాయం.

మొదట చూసినవి పల్చటి రేకు క్యాబినెట్లు. తలుపు మూల పట్టుకుని నొక్కితే బొటనవేలికి లొంగాయి. అంగడిలోనే ఒక చిన్న పిస్తోలు పెట్టె, వేలిముద్రతో తెరుచుకునేది, మహా ఠీవిగా బల్ల మీద పెట్టి ఉంది. మా బావమరది దాని పిడి తిప్పుతూ నెత్తిన పిడికిలితో ఒక్కటి వేశాడు, తెరుచుకుంది. ఇలాంటి చౌకరకం పెట్టెల్లో గడియను ఆపేది స్ప్రింగు మీద నిలిచిన చిన్న పుల్ల మాత్రమే కాబట్టి, అదురుకు అది ఒక్క క్షణం జరిగితే చాలునట. వేలిముద్రకు ఎంత డబ్బు పెట్టినా దాని వెనకున్న పుల్ల అదే. అమ్మకందారు ముఖం మాడ్చుకున్నాడు, మేము బయటికి వచ్చేశాం.

ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను, ఇక్కడ కొంచెం గొప్పలు చెప్పుకోనివ్వండి. ఉక్కు మందాన్ని గేజ్‌లలో చెబుతారు, ఆ లెక్క తలకిందులుగా ఉంటుంది. 14 గేజ్ అంటే 2 మిల్లీమీటర్లకు లోపే, 12 గేజ్ సుమారు 2.7, 10 గేజ్ సుమారు 3.4 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుంది. "ఇది పధ్నాలుగు గేజ్ సార్, అది పదే" అని పల్చటిదాన్ని గొప్పదిగా చూపించబోయిన ఒక అమ్మకందారుకు నేను మిల్లీమీటర్లలో చెప్పమన్నాక, ఆయన టీ తెప్పిస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. తలుపు ఎంత లావుగా కనిపించినా నమ్మకూడదు. లోపలి వైపు బిగించిన పలకనూ మధ్యలోని ఖాళీనీ కలిపి లావు చూపిస్తారు, అందులో అసలు ఉక్కు పలక ఎంతో విడిగా అడగాలి. గడియలు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడంకన్నా అవి దిగే చట్రం ఎంత గట్టిదో చూడటం ముఖ్యం, ఎందుకంటే గునపం పెట్టి ఎత్తినప్పుడు ముందు వంగేది చట్రమే.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసినది ధ్రువపత్రం. అమెరికాలో వస్తువులను పరీక్షించే సంస్థ యు.ఎల్. (అండర్‌రైటర్స్ లాబొరేటరీస్) వారు ఇళ్లలో వాడే పెట్టెలకు ఆర్.ఎస్.సి. అనే గుర్తింపు ఇస్తారు. దాని మొదటి స్థాయికి అర్థం ఒక మనిషి సుత్తి, స్క్రూడ్రైవరు, గునపం వంటి మామూలు పనిముట్లతో 5 నిమిషాలు కష్టపడినా పెట్టె తెరుచుకోకూడదని. అయిదంటే అయిదే. పనిముట్టు ఆడిన సమయాన్నే లెక్కిస్తారన్న మాట నిజమే, అయినా బ్రోచర్లలో కోటగోడలా వర్ణించిన వస్తువుకు ప్రమాణం అంతేనని తెలిసినప్పుడు కాసేపు మాట రాలేదు. దాని పైస్థాయిలో ఇద్దరు మనుషులు, 10 నిమిషాలు. యంత్రాలతో కూడిన దాడికి 15 నిమిషాలు, 30 నిమిషాలు నిలిచే టి.ఎల్.-15, టి.ఎల్.-30 పెట్టెలు కూడా ఉన్నాయి గానీ వాటి బరువుకు మా మేడమెట్లు ఒప్పుకోవు. ఐరోపా ప్రమాణం చూసేవారు ఇ.ఎన్. 14450లో ఎస్1, ఎస్2 అన్న తరగతులు వెతకాలి. ఏ గుర్తూ లేకుండా "మిలిటరీ నాణ్యత" అని మాత్రమే రాసి ఉన్న పెట్టెను నేనైతే బియ్యం పోసుకోవడానికి కూడా కొనను.

నిప్పుకు తట్టుకోవడం గురించి అమ్మకందారులు ఎక్కువ మాట్లాడతారు, నేను తక్కువలో ముగిస్తాను. చాలా పెట్టెల్లో లోపలి గోడలకు జిప్సం పలకలు ఉంటాయి. జిప్సంలో బరువులో అయిదో వంతు నీరు రసాయనికంగా కలిసి ఉండి, వేడికి ఆవిరై లోపలిని చల్లబరుస్తుంది. లోపలి వేడి 177 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఎంతసేపు నిలిచింది, బయట ఎంత మంట పెట్టారు, ఆ పరీక్ష చేసింది ఎవరు అన్న మూడు ప్రశ్నలు అడగండి. మూడోదానికి "మేమే" అన్న జవాబు తరచుగా వస్తుంది. ఆ ఆవిరి కాగితాలను కాపాడుతుంది గానీ తుపాకీ గొట్టాలకు తుప్పు పట్టిస్తుంది, కాబట్టి అగ్నిప్రమాదం జరిగితే చల్లారిన వెంటనే తీసి తుడవాలి. ఎన్ని తుపాకులు పడతాయని పెట్టె మీద రాస్తారో అందులో సగమే నిజంగా పడతాయన్నది కూడా గుర్తుంచుకోండి. దుర్భిణి బిగించిన రైఫిలు ఒక్కటే రెండింటి చోటు తింటుంది.

పెట్టె ఎంపికయింది, ఆర్.ఎస్.సి. మొదటి స్థాయిది. ఒళ్లు 10 గేజ్, తలుపు పలక 6 మిల్లీమీటర్లు, బందుల వైపు కూడా గడియలు, తాళాన్ని డ్రిల్లుతో తొలిచేవారిని అడ్డుకునే గట్టి పలక. ఇక తాళం. అంకెల మీటలదా, తిప్పే డయల్‌దా అన్న చర్చలో మా ఇంటిల్లిపాదీ మీటలదే కావాలన్నారు. బ్యాటరీ అయిపోతే ఏం చేస్తారని అడిగి, యంత్రభాగాలకు మించిన నమ్మకం ఎలక్ట్రానిక్ వస్తువులకు ఎన్నటికీ రాదని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి, నేను డయల్ తాళమే తెప్పించాను. ఆ ఉపన్యాసంలోని ప్రతి వాక్యాన్నీ మా ఆవిడ ఈనాటికీ పొల్లు పోకుండా అప్పజెప్పగలదు.

పెట్టె మధ్యాహ్నం వచ్చింది. మోసిన నలుగురు మనుషులు దాన్ని గోడ వారగా నిలిపి, నేలకు బిగించేవాళ్లు ఎల్లుండి వస్తారని చెప్పి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది. మూడు సంఖ్యలు రాసిన చీటీని, వాడే పద్ధతి ముద్రించిన కాగితాన్ని చదివాను, రెండు తుపాకుల్నీ లోపల నిలబెట్టాను, తలుపు మూసి, పిడి తిప్పి, డయల్‌ను గిర్రున ఒక సుడి తిప్పాను. ఆ చప్పుడు ఎంతో హాయిగా వినిపించింది. తలుపు తెరిచి ఉండగానే గడియలు బయటికి తోసి, సంఖ్యలు వేసి, అవి వెనక్కి వస్తున్నాయో లేదో నాలుగైదుసార్లు చూసుకున్నాకే మూయాలన్నది ఆ కాగితం రెండో పుటలో ఉంది. నేను మొదటి పుట దగ్గరే ఆగాను.

మరునాడు ఉదయం పది గంటలకు, ముందుగా కబురు లేకుండా, అధికారి వచ్చారు. లైసెన్సులోని నంబర్లను తుపాకుల మీది నంబర్లతో సరిచూడాలన్నారు. నేను కాస్త గర్వంగానే పెట్టె ముందు కూర్చున్నాను. ఎడమకు నాలుగు, కుడికి మూడు, ఎడమకు రెండు, చివరికి డయల్ ఆగేదాకా కుడికి. అది ఆగలేదు, తిరుగుతూనే ఉంది. కంగారులో తప్పు వేశాననుకుని మళ్లీ మొదలుపెట్టాను. అయిదోసారికి చెమట పట్టింది. ఏడోసారికి మా మామగారు కుర్చీ తెచ్చుకుని వెనక కూర్చున్నారు. డయల్ చుట్టూ ఉన్న వలయం మీద నెత్తిన ఒక గుర్తు, ఎడమపక్క ఒక గుర్తు ఉన్నాయి. "బావా, ఆ పక్క గుర్తుకు పెట్టి చూడండి" అన్నాడు బావమరది. అది సంఖ్యలు మార్చుకునేటప్పుడు మాత్రమే వాడే గుర్తని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం దానితో కూడా నాలుగుసార్లు ప్రయత్నించాను. ఒకసారి సంఖ్య ఒక గీత దాటితే వెనక్కి తెచ్చాను. అలా వెనక్కి తెస్తే అంతవరకు చేసిందంతా వృథా అని, మళ్లీ మొదటి నుంచి రావలసిందేనని కూడా తర్వాతే తెలిసింది.

"తుపాకులు లోపల ఉన్నాయని నేనెలా నమ్మాలి?" అన్నారు అధికారి. ఆ మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. "నిన్ననే పెట్టానండీ" అన్నాను. "ఈ పెట్టె మీదేనా?" అని కూడా అడిగారు. రసీదు చూపించాను. నా ఇంట్లో, నా పెట్టె, నాదేనని కాగితంతో రుజువు చేసుకోవలసి వచ్చింది. మా చిన్నవాడు ఆ అలికిడి విని వచ్చి, నాన్న దొంగలాగా కూర్చున్నాడని అమ్మకు చెప్పడానికి లోపలికి పరిగెత్తాడు. యాభై నిమిషాలు గడిచాక తాళాల పనివారికి ఫోను చేయడానికి అధికారే అనుమతి ఇచ్చారు.

వచ్చినాయన నా చేతిలోని చీటీ చూసి, నన్ను ఒక్కసారి తిప్పి చూపించమన్నారు. చూసి, "మీరు చుట్లు లెక్కపెడుతున్నారండీ. చుట్లు కాదు, అంకె గుర్తు కిందికి ఎన్నోసారి వచ్చిందో అది లెక్కపెట్టాలి" అన్నారు. డయల్ వెనక మూడు చక్రాలు ఉంటాయి. ఎడమకు తిప్పినప్పుడు మూడూ కలిసి కదులుతాయి, మొదటి సంఖ్య నాలుగోసారి గుర్తు కిందికి వచ్చినప్పుడు ఆపితే మొదటి చక్రం తన చోట నిలుస్తుంది. తర్వాత కుడికి తిప్పుతూ రెండో సంఖ్యను రెండుసార్లు దాటనిచ్చి మూడో రాకకు ఆపాలి, ఎడమకు తిప్పుతూ మూడో సంఖ్య రెండో రాకకు ఆపాలి. నేను కుడికి మూడు పూర్తి చుట్లు తిప్పాక రెండో సంఖ్య కోసం వెతుకుతున్నాను, అంటే నాలుగో రాకకు ఆపుతున్నాను. ఆ ఒక్క చుట్టు ఎక్కువయ్యేసరికి, అప్పటికే కుదురుకున్న మొదటి చక్రాన్ని నేనే లాగి చెడగొడుతున్నాను. ఆయన నిదానంగా తిప్పారు. చివర్లో డయల్ టక్కున ఆగింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

అధికారి నంబర్లు సరిచూసుకున్నారు. లేవబోతూ పెట్టె అడుగున ఉన్న నాలుగు కన్నాలను టార్చితో చూసి, నేలకు బిగించలేదని గమనించారు. అందులో ఆయన తప్పేమీ లేదు. బిగించని పెట్టెను వెల్లకిలా పడేస్తే గునపానికి మనిషి బరువంతా తోడవుతుంది, లేదా తీరిగ్గా తెరుచుకోవడానికి పెట్టెనే ఎత్తుకుపోతారు. ఆయన తన కాగితంలో రెండు వాక్యాలు రాశారు. మొదటిది బిగించలేదని. రెండోది, "యజమాని యాభై నిమిషాలు ప్రయత్నించినను పెట్టెను తెరవలేకపోయిరి" అని.

మిగిలినవి సులువుగా జరిగాయి. కాంక్రీటులోకి నాలుగు యాంకర్ బోల్టులు దిగాయి. లోపల తేమ యాభై శాతం దాటకుండా సిలికా జెల్ సంచులు, తేమను చూపే చిన్న మీటరు పెట్టాను. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. సంఖ్యల్ని పుట్టినరోజులు కానివాటికి మార్పించాను. చివరి సంఖ్య 0 నుంచి 20 లోపు ఉండకూడదని తాళాల ఆయన చెబితే అలాగే చేశాం. పదిహేను రోజులు ప్రతి రాత్రీ తలుపు తెరిచి పెట్టుకుని, రాకలు పైకి వినబడేలా లెక్కపెడుతూ తిప్పాను.

ఈ ఉదయం మొదటిసారికే తెరుచుకుంది. అధికారి బోల్టులు చూసి, పాత కాగితం బయటికి తీసి, ఆ రెండు వాక్యాలనూ ఒకే గీతతో కొట్టేశారు. మొదటిది కొట్టేసినందుకు సంతోషమే. రెండోదాన్ని ఉంచమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ధ్రువపత్రం ప్రకారం ఆ పెట్టె నిలవవలసింది అయిదు నిమిషాలే, నా చేతిలో యాభై నిమిషాలు నిలిచింది. మామగారు వెనకే నిలబడి ఉన్నారు కాబట్టి ఊరుకున్నాను.