పది మందితో ఒక రేవు

పదాతిదళంలో సుబేదారుగా పనిచేసి రిటైరై సైనిక్‌పురిలో స్థిరపడిన మా బాబాయితో కలిసి మొన్న ఆదివారం ఉదయం పురానాపూల్‌కు వెళ్ళాను. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన ఆ వంతెన మీద ఇప్పుడు కూరగాయలమ్ముతున్నారు. టమాటా బుట్టల మధ్య ఆగి ఆయన అడిగారు: "నీ చేతిలో ఒక సెక్షన్ ఉంది. పది మంది, ఒక ఎల్ఎంజీ, అంటే తేలికపాటి మెషిన్‌గన్. తెల్లారేదాకా ఈ వంతెన శత్రువుకు దక్కకూడదు. ఎక్కడ కూర్చోబెడతావు?"

నేను తడుముకోకుండా పాతబస్తీ వైపున్న దర్వాజాను చూపించాను. రాతి గోడ, ఎత్తు, వంతెన పొడవునా సాగే చూపు, ఇంతకంటే ఏం కావాలనిపించింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. నన్ను కార్వాన్ వైపు ఒడ్డుకు నడిపించి, వెనక్కి తిరిగి చూడమన్నారు. అక్కడి నుంచి చూస్తే అన్నిటికంటే ముందు కంటబడేది ఆ దర్వాజాయే. ఫిరంగి గురిపెట్టేవాడికి దానికంటే సులువైన గుర్తు దొరకదు. పైగా దర్వాజా మీదున్నవాడికి వంతెన పైభాగం కనిపిస్తుంది తప్ప, కమానుల కింద నదీగర్భంలో వంగి నడిచి వచ్చేవాడు కనిపించడు. అలా చూపుకూ తూటాకూ అందని చోటునే సైన్యంలో 'డెడ్ గ్రౌండ్' అంటారు.

రేవును కాయమంటే రేవులోనే కూర్చోవడం కొత్త నాయకులందరూ చేసే పొరపాటని బాబాయి అభిప్రాయం. ఎల్ఎంజీని వంతెనకు ఎదురుగా కాక, ఒడ్డున కాస్త పక్కకు జరిపి, వంతెన మీదుగా ఏటవాలుగా కాల్చేలా పెట్టాలి. కందకం తవ్విన పచ్చి మట్టిని దూరంగా మోసి పారబోయాలి, లేకపోతే ఆ మట్టి రంగే జాడ చెప్పేస్తుంది. రాత్రి చెవి ఒగ్గి వినే సెంట్రీని మాత్రం నీటి అంచున నిలబెట్టకూడదు, ఎందుకంటే పారే నీటి చప్పుడులో అడుగుల చప్పుడు కలిసిపోతుంది. ఇవన్నీ కుదిరాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: శత్రువు వంతెన మీదుగానే వస్తాడని ఎవరు చెప్పారు? "గేదెలు దిగే బాట వెతుకు, లోతు లేని చోటు వాటికి తెలుసు," అన్నారాయన.

క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పోరస్‌కు ఎదురైంది ఇదే చిక్కు. అలెగ్జాండర్ కొంత సైన్యాన్ని ఎదురుగా కనిపించేలా ఉంచి, వానపడుతున్న రాత్రి ఎగువన చాలా దూరం వెళ్ళి నది దాటాడు.

మనవాళ్ళ కథ ఇంకా చేదైనది. 1962 అక్టోబరులో, చైనా సరిహద్దులోని నామ్కా చూ నది వెంట మన 7వ ఇన్‌ఫాంట్రీ (పదాతి) బ్రిగేడ్‌ను దక్షిణపు ఒడ్డున, ఎదుటి థాగ్లా శిఖరశ్రేణి నుంచి ప్రతి కదలికా కనిపించే చోట పరిచారు. అక్కడి దుంగల వంతెనలకు వరుసగా నంబర్లు వేసి, బలగాలను వాటి చుట్టూ నిలిపారు. నంబరు వేసిన వంతెన పటం మీద ముఖ్యమైనదిగా కనిపిస్తుంది, కానీ అక్టోబరు నాటికి నీరు తగ్గి నదిని నడిచే దాటవచ్చు. ఒడ్డు వదిలి వెనక ఎత్తు ప్రదేశాలకు పోతామని క్షేత్రంలోని అధికారులు అడిగినా పైనుంచి అనుమతి రాలేదు. 20వ తేదీ తెల్లవారేసరికి చైనా సైనికులు మోర్చాల (కాపు కందకాల) మధ్య ఖాళీల్లోంచి దాటి వచ్చేశారు. ఆ బ్రిగేడ్‌ నాయకుడు బ్రిగేడియర్ జాన్ దల్వీ తర్వాత బందీ అయ్యారు. ఆ ఒడ్డున ఉన్న సెక్షన్ నాయకుడు ఎంత తెలివైనవాడైనా, తన చోటు తాను ఎంచుకునే హక్కు లేనప్పుడు ఏం చేయగలడని నాకు అనిపిస్తుంది. ఈ మాట అంటే బాబాయి మాట్లాడరు.

తిరిగి వచ్చి నా పది మందినీ మళ్ళీ పంచాను. ఎల్ఎంజీతో ముగ్గురు పక్క ఒడ్డున, ఇద్దరు గేదెల బాట మీద, ఒక్కడు నీటి చప్పుడుకు దూరంగా, మిగిలిన నలుగురు నాతో వెనక. వేలితో చూపిస్తూ ఇదంతా వివరిస్తుంటే, గేదెలను తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి, "ఏం సారూ, కొలతలు తీస్తున్నరా? ఇండ్లు కూలగొడతరా?" అని అడిగాడు.

బాబాయి నవ్వారు. "నీ మోర్చా ఎక్కడో సాయంత్రానికల్లా కార్వానంతా తెలుస్తుంది. ఇప్పుడు చెప్పు, ఈయన్ని ఏం చేస్తావు?"