సాంగ్ కాంగ్-హో ఊళ్లమీదుగా

కొరియా అనగానే అందరూ సియోల్ అంటారు. నేను బుసాన్‌లో దిగి నేరుగా పక్కనున్న గిమ్హేకి వెళ్లాను. 'పారసైట్'లో తండ్రిగా మనకి బాగా తెలిసిన సాంగ్ కాంగ్-హో 1967లో పుట్టింది అక్కడే. నాటకాలు ఆడుతూ 1996లో సినిమాల్లోకి వచ్చాడు.

మాజీ అధ్యక్షుడు రో మూ-హ్యున్ సొంతూరు బోంగ్‌హా కూడా గిమ్హేలోదే. అక్కడ ఆయన సమాధి అంటే ఏదో పెద్ద కట్టడం ఉంటుందనుకున్నా. నేలకి పరిచిన వెడల్పాటి రాయి, చుట్టూ జనం రాసిచ్చిన మాటలు చెక్కిన వేల పలకలు, అంతే. 2013లో వచ్చిన 'ది అటార్నీ'లో సాంగ్ వేసిన లాయరుకి మూలం ఈయన జీవితమే. ఆ వేషం మొదట వద్దన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. మంచిపని చేశాడు.

అక్కణ్ణుంచి రైల్లో మిర్యాంగ్. స్టేషన్ దగ్గర్లో గుక్‌బాప్ తిన్నాను. పంది ఎముకల పులుసులో అన్నం, మాంసం ముక్కలు, పైన పచ్చటి ఉల్లికాడల్లాంటి ఆకు. మట్టిగిన్నెలో కుతకుతమంటూనే వచ్చింది. పక్కన ఉప్పులో ఊరేసిన చిన్న రొయ్యలు, కావలసినంత కలుపుకోవాలి. ఆ లాయరు కుర్రతనంలో డబ్బుల్లేక తినేసి పారిపోయేది ఇదే తిండి!

ఈ ఊళ్లో తీసిన 'సీక్రెట్ సన్‌షైన్' (2007)లో సాంగ్ మెకానిక్ షెడ్డు ఓనరు. సినిమా అంతా హీరోయిన్ జన్ దో-యన్‌ది. కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు కూడా ఆమెకే వచ్చింది. ఈయన ఆమె వెనకాలే తిరుగుతుంటాడు, ఆమె పట్టించుకోదు. చివర్లో ఆమె పెరట్లో కూచుని జుట్టు కత్తిరించుకుంటుంటే అద్దం పట్టుకుంటాడు. మనకి వైవిధ్యం అంటే గెటప్పులు, విగ్గులు. ఈయన మొహం పెద్దగా మారదు, అవతలివాళ్లకి ఎంత చోటు వదలాలో ఆ లెక్క మారుతుంది. కాన్స్ ఉత్తమ నటుడు అవార్డు 2022లో 'బ్రోకర్'కి వచ్చింది. నన్నడిగితే అప్పటికే ఆలస్యం.

గ్వాంగ్‌జు వెళ్లే దారిలో సన్‌చన్ దాటాం. 'ఎ ట్యాక్సీ డ్రైవర్' (2017)లో జర్మన్ విలేకరిని గ్వాంగ్‌జులో వదిలేసి వచ్చిన సాంగ్ పాత్ర ఇక్కడే నూడుల్స్ తిని, ఇంటికి పోదామని కారెక్కి, పాట పాడుతూ ఏడ్చేసి, బండి వెనక్కి తిప్పుతుంది. ఆ కాసేపూ కెమెరా ఆయన మొహం మీదే. ఈ వేషమూ మొదట కాదన్నదే.

1980లో గ్వాంగ్‌జులో ప్రజాస్వామ్యం కోసం తిరగబడ్డ జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఇక్కడి జనిల్ భవనం పదో అంతస్తులో ఆనాటి బుల్లెట్ గుర్తులు అలాగే ఉంచారు. స్తంభాల మీద, నేల మీద, ఒక్కోదాని పక్కన ఒక సూచిక. స్కూలు పిల్లలు బారులు తీరి చూస్తున్నారు.

అప్పట్లో ఆ జర్మన్ విలేకరిని నిజంగా ఇక్కడికి తెచ్చిన అసలు డ్రైవర్ కిమ్ సా-బోక్ ఎవరో సినిమా వచ్చేదాకా తెలియలేదు. వచ్చాక ఆయన కొడుకు ఫొటోతో బయటికొచ్చాడు. తేలిందేమిటంటే, తండ్రి హోటల్ ట్యాక్సీలు నడిపిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. సాంగ్ వేసిన వచ్చీరాని ఇంగ్లీషు అద్దె బకాయిల డ్రైవర్‌కి ఈయనకి పెద్ద పోలికే లేదు. అయినా కిమ్ సా-బోక్ అంటే నాకు సాంగ్ మొహమే గుర్తొస్తోంది, ఏం చేస్తాం!