ఊడదీయడం నేర్చుకున్నాకే అతికించడం

మొదటి తప్పు వయొలిన్ తయారీ క్లాసులో చేరకముందే చేశాను. నా వయొలిన్ పై పలక అంచున ఒకచోట అతుకు వదిలింది. కమాను ఆనిస్తే చాలు, స్వరంతో పాటు జుయ్‌మని ఇంకో రొద. ఇంత చిన్నదానికి ఎవరి దగ్గరికో వెళ్లడం ఎందుకని, చెక్క సామాన్లకి వాడే తెల్ల జిగురు పూసి, బట్టల క్లిప్పులు బిగించాను. భేషుగ్గా అతుక్కుంది. కొన్ని నెలలకి గాలి పొడిబారి చెక్క ముడుచుకుంది. అతుకు మాత్రం కదల్లేదు. దాని పక్కనే చెక్క నిలువునా చీలింది.

బాగు చేయించడానికి వయొలిన్లు చేసే ఒక మాష్టారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చీలిక వంక చూడలేదు, జిగురు వంక చూశారు. "ఎవరు పెట్టారిది?" అన్నారు. చెప్పాను. "శనివారాలు క్లాసు చెబుతాను. వచ్చి మీరే విప్పుకోండి" అన్నారు. ఎత్తిపొడుపు అనుకున్నాను గానీ, నిజంగానే పిలిచారు.

చేరగానే చేతికి చెక్క ఇస్తారనుకున్నా. ఐదు వారాలు సానరాయే. పదును వచ్చిందో లేదో మాష్టారు వేలితో చూడరు. స్ప్రూస్ ముక్క అడ్డకోత మీద ఉలి నడపమంటారు. పై పలకకి వాడే ఆ చెక్క మెత్తన. మొండి ఉలి కింద తెగదు, నలిగి పొడిలా రాలుతుంది. పదునుంటే కోసిన చోటు నున్నగా మెరుస్తుంది. ఆరో శనివారానికి గానీ నాకా మెరుపు కనిపించలేదు.

వారానికి ఒక్కరోజు నేర్చుకోవడంలో అసలు చిక్కు చేతి మరపు. ఉద్యోగం ఐదు రోజులు చేసి వస్తే, మొదటి గంటంతా పోయినసారి ఎక్కడ ఆగానో వెతుక్కోవడమే. అందుకని పలకల లోపలి వైపే పెన్సిల్‌తో రాసుకోవడం మొదలుపెట్టా. "ఇటు ముట్టుకోవద్దు", "ఇక్కడ 3.4, ఇంకా తియ్యాలి" ఇలా. మిల్లీమీటర్లలో లెక్క. పై పలక మందం సుమారు 3 మిల్లీమీటర్లు, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. నాలుగుసార్లు గీకితే పోయే తేడాకి రోజంతా టెన్షన్.

పక్క బద్దలు ఇంకా పల్చన, ఒక మిల్లీమీటరు పైచిలుకు. మేపుల్ బద్దని కాస్త తడిపి, కాలే ఇనుము చుట్టూ వంచాలి. మేపుల్‌లో అందంగా మెరిసే అడ్డచారలే వంచేటప్పుడు పగ తీర్చుకుంటాయి. నడుము దగ్గర వంపు బిగువు. సరిగ్గా ఆ చార మీదే టప్‌మంటుంది. మూడు విరగ్గొట్టాను.

ఇక జిగురు. జంతువుల తోలు నుంచి తీసిన పలుకుల్ని చన్నీళ్లలో నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. మరీ కాగితే పట్టు పోతుంది. పూసిన కాసేపటికే గడ్డకట్టేస్తుంది కాబట్టి ముందు చెక్కని వెచ్చజేయాలి, క్లాంపులు చేతికందేలా పెట్టుకోవాలి. పై పలకకైతే కావాలనే నీళ్లు ఎక్కువ కలుపుతారు. చెక్క మీద ఒత్తిడి వస్తే ముందు అతుకు వదలాలి, చెక్క చీలకూడదు. నేను బాగుచేశాననుకున్న మొదటి అతుకు, నిజానికి దాని పని అది చేసుకుంటోందన్నమాట! 1737లో పోయిన ఇటలీ వయొలిన్ తయారీదారు స్ట్రాడివారి చేసిన వయొలిన్లు దాదాపు అన్నిటినీ తర్వాతి వాళ్లు విప్పి, పై పలక లోపల అతికించే బద్ద, బేస్ బార్, మార్చారు, మెడ మార్చారు. తెల్ల జిగురు పెట్టుంటే ఏ ఒక్కటీ ఇవాళ మోగేది కాదేమో.

నన్ను బాగా ఏడిపించింది సౌండ్ పోస్ట్. 6 మిల్లీమీటర్ల స్ప్రూస్ పుల్ల. జిగురుండదు, పై పలకకీ కింది పలకకీ మధ్య ఊరికే నిలబడాలి, తీగల్ని మోసే బ్రిడ్జ్ కుడికాలికి కాస్త వెనగ్గా. ఎస్ ఆకారంలో వంచిన ఇనుప కడ్డీకి గుచ్చి, పై పలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి లోపలికి దించాలి. లోపల ఏమవుతోందో చిన్న అద్దంలో తిరగబడి కనిపిస్తుంది. నిలబడిందని కడ్డీ లాగగానే పడిపోయి గలగలమంటుంది. వయొలిన్ బోర్లించి ఊపి, రంధ్రంలోంచి దాన్ని బయటికి రప్పించడానికే పది నిమిషాలు. రెండు శనివారాలు దానికే పోయాయి. ఇటాలియన్లు దీన్ని 'ఆనిమా' అంటారట, అంటే ఆత్మ. మా బెంచీ మీద దానికి వేరే పేర్లుండేవి.

మూడేళ్లకి నేను చేస్తున్న కొత్త వయొలిన్ పూర్తయింది. తీగలు ఎక్కించి వాయిస్తే గొంతు పట్టేసినట్టు మోగింది. సౌండ్ పోస్ట్ అటూ ఇటూ జరిపాం, బ్రిడ్జ్ మార్చాం. మాష్టారు పై పలక మీద వేలితో రెండుసార్లు కొట్టి, "విప్పండి" అన్నారు.

పదును లేని పల్చటి కత్తి తీసుకుని అతుకులోకి నెట్టాను. టక్, టక్ మంటూ అంగుళం అంగుళం వదులుతూ వచ్చింది. ఒక్క పేడు లేవలేదు. పలక తిరగేసి చూస్తే, బేస్ బార్ పక్కనే నా పెన్సిల్ రాత: "ఇక్కడ 3.4, ఇంకా తియ్యాలి".