బీరువాలో దాచిన మైనపు దిమ్మ

2014లో నా కుడి ఊపిరితిత్తి పైభాగం తీసేశారు. అడినోకార్సినోమా అనే ఊపిరితిత్తుల క్యాన్సర్, మొదటి దశ. కీమో కూడా అక్కర్లేదన్నారు. పొగ ముట్టిన మనిషిని కాను, బడిపిల్లలకి పాఠాలు చెప్పుకునేదాన్ని. ఐదేళ్ళూ స్కాన్‌లు శుభ్రంగా వచ్చాయి. ఆరో ఏడు నుంచి వెళ్ళడం మానేశాను. గండం గడిచిందనే ఇంటిల్లిపాదీ నమ్మాం.

2023 చలికాలంలో పొడిదగ్గు పట్టుకుని రెండు నెలలైనా వదల్లేదు. ఊళ్ళో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, ఛాతీ నడుమ నీడ ఉంది, టీబీ మందులు మొదలుపెడదామన్నారు. కఫం పరీక్షలో టీబీ లేదు. ఆపరేషన్ సంగతి చెబితే "అది ఎప్పటిమాటో కదమ్మా" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాటే వినాలనిపించింది. మా అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "ముక్క తీసి చూడందే ఒక్క మాత్ర కూడా వద్దమ్మా" అని హైదరాబాద్ తీసుకెళ్ళింది.

ఒంట్లో చురుగ్గా ఉన్న చోట్లు వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో, ఊపిరితిత్తుల నడుమ లింఫ్ గ్రంథులు వెలిగాయి. టీబీ ఉన్నా అలాగే వెలుగుతాయట. అందుకే మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం దింపి, అల్ట్రాసౌండ్‌లో గ్రంథిని చూస్తూ సూదితో నమూనా తీశారు. రెండు రోజులు గొంతు మండింది, అంతే. ఫలితం కోసం చూసిన 12 రోజులే నరకం.

క్యాన్సరే. "అప్పటి బ్లాకులున్నాయా?" అన్నారు డాక్టరుగారు. బ్లాకంటే ఆపరేషన్‌లో తీసిన కండను మైనంలో పొదిగిన చిన్న దిమ్మ. మావారు అప్పట్లోనే ఆస్పత్రిలో అడిగి తెచ్చి, నా పట్టుచీరల కింద దాచారు. ఆయన పోయి నాలుగేళ్ళు. పొట్లం మీద ఆయన చేతిరాత చూసి కాసేపు బీరువా దగ్గరే కూర్చుండిపోయాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయితే బ్లాకులు తప్పకుండా అడిగి తెచ్చుకోండి.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశారు. కణాల పెరుగుదలను నడిపే ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో, రెండింట్లోనూ ఒకటే మార్పు. ఇది వేరే క్యాన్సర్ కాదు, పాతదే తిరిగొచ్చిందన్నారు. మెదడు ఎమ్మారై బాగుంది. ఆ మార్పు ఉండబట్టే, దాన్నే గురిపెట్టి పనిచేసే మాత్ర రోజుకొకటితో సరిపోయింది: ఓసిమెర్టినిబ్, 80 మిల్లీగ్రాములు. రోగాన్ని అణచి ఉంచుతుందే గానీ పూర్తిగా పోగొట్టదు. ఎన్నాళ్ళు పనిచేస్తుందో నేను అడగలేదు.

ఆ మాత్ర వల్ల గోళ్ళ చుట్టూ పుండ్లు పడి, చారన్నం చేత్తో కలుపుకోలేక చెంచాతో తింటున్నాను. మూడో నెల స్కాన్‌లో గ్రంథులు సగానికి తగ్గాయి. ఇప్పుడు స్కాన్ తేదీలు నేనే క్యాలెండర్ మీద రాసుకుంటున్నాను. పొట్లం మళ్ళీ చీరల కిందే పెట్టాను, పక్కన కొత్త బ్లాకుతో సహా.